ముప్పయ్యో గీత వెనకంచు

మా పోలార్డ్ బెండ్‌లో వెర్లీన్ స్టక్స్ అనే ఆవిడ కిందటి నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం అలబామా రాష్ట్రాన్ని నాలుగంగుళాలు ముందుకి జరిపింది. గవర్నరుకి ఈ సంగతి ఇంకా తెలియదు. జరుగుతున్నంతసేపూ పద్దెనిమిది వేలమంది చూస్తూనే ఉన్నారు, ఒక్కరికీ కనబడలేదు. నేనూ అక్కడే ఉన్నాను. చేతిలో ఉడికించిన వేరుశెనక్కాయల పొట్లం ఉండబట్టి మనసు పెట్టలేదు గాని, లేకపోతే అక్కడికక్కడే పట్టేసేవాణ్ణి.

వెర్లీన్‌కి అరవై రెండేళ్ళు. వారంలో అయిదు రోజులు కోర్టు వీధి బట్టల కొట్టులో గజాల లెక్కన గుడ్డ కత్తిరిస్తుంది. పోగు ఎక్కువ ఇవ్వదు, పోగు తక్కువ ఇవ్వదు. మా అమ్మ పెళ్ళి గౌనుకి ఆరు గజాల శాటిను ఇచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత మా అమ్మకి ఎందుకో అనుమానం వచ్చి కుట్లన్నీ విప్పి కొలిచింది. ఆరు గజాలే. అప్పటికి మా నాన్న ఏడుసార్లు మాట తప్పాడు, ఆ శాటిను మాత్రం తప్పలేదు.

కాలేజీ ఫుట్‌బాల్ ఉన్న శనివారాల్లో ఆవిడ నారింజరంగు చొక్కా తొడుక్కుని మైదానం అంచున నిలబడుతుంది. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి, పోలేకపోతే బంతి అవతలి జట్టుది. ఆ పది గజాలూ ఒక గొలుసులో ఉంటాయి. గొలుసు రెండు కొసలకీ రెండు కర్రలు, మధ్యలో ఒక క్లిప్పు. మైదానం నిండా అయిదేసి గజాలకి తెల్లగీత ఉంటుంది కదా, గొలుసు ఏ గీతని దాటితే ఆ గీత వెనకంచు దగ్గర, అంటే జట్టు వస్తున్న వైపు అంచు దగ్గర, క్లిప్పు పెడతారు. బంతి చేరిందా లేదా అని అనుమానం వస్తే గొలుసు పట్టుకుని లోపలికి పరిగెడతారు. క్లిప్పుని అదే గీతకి, అదే అంచున ఆనించి గొలుసు బిగలాగితే ముందు కర్ర ఎక్కడ నిలవాలో అక్కడ నిలుస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా ఆ క్లిప్పు మనిషి వెర్లీన్.

జీతం లేదు. ఒక శాండ్‌విచ్ ఇస్తారు. గొలుసు పట్టినవాళ్ళు చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, ఏ జట్టునీ వెనకేసుకు రాకూడదు. ఒక ఏడాది ఆఖరి క్షణంలో మా కొంగలు గెలిచాయి. జట్టు పేరు అదే, కొంగలు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ సంబరంలో మూడు వందల పౌండ్ల ఆటగాడొకడు ఆవిడ పాదం మీద పడ్డాడు. రెండు వేళ్ళు విరిగాయి. ఆవిడ మొహం మారలేదు. క్లిప్పు పెట్టినచోటే ఉంది.

ఇక మాబ్రీ సంగతి. కిందటేడు మా క్వార్టర్‌బ్యాక్ కోల్బీ మాబ్రీ. బంతి విసిరేదీ, ఆట నడిపేదీ, ఓడితే తిట్లు తినేదీ వాడే. నవంబరు వచ్చేసరికి తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచాం. ఎనిమిది గెలిచిన ఊరు సంతోషంగా ఉంటుందని మీరనుకుంటారు. ఇనెజ్ ఫోల్క్స్ నడిపే హోటల్లో ప్రతి సోమవారం మధ్యాహ్నం జరిగే గొడవ మీరు వినలేదు కాబట్టి.

"ఎనిమిది గెలిపించాడయ్యా! ఇంకేం కావాలి నీకు?" అంటుంది ఇనెజ్, మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్ల మీద గ్రేవీ పోస్తూ.

"వాడు గెలిపించాడా? గెలిపించింది డిఫెన్సు, అవతలివాళ్ళని ఆపినవాళ్ళు. వీడు బస్సెక్కి వచ్చాడు, బస్సెక్కి వెళ్ళాడు," అంటాడు హోయ్ట్ గాంట్రీ. ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరయినవాడు. అందరి అడ్రసులూ తెలుసు కాబట్టి అందరి లోపాలూ తెలుసనుకుంటాడు.

"పద్దెనిమిది టచ్‌డౌన్లు! పద్దెనిమిదిసార్లు బంతిని ఆఖరి గీత దాటించాడు!"

"పదకొండుసార్లు బంతి తిన్నగా అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు. అది చెప్పవేం? నేను పదకొండు ఉత్తరాలు పక్కింట్లో పడేస్తే నా ఉద్యోగం ఉండేదా?"

"మా ఇంటివన్నీ పక్కింట్లోనే పడేసేవాడివి హోయ్ట్. నాకు పక్కింటావిడతో స్నేహం కలిసిందే అలాగ."

అప్పుడు నేను కల్పించుకుని అసలు విషయం చెప్పేవాణ్ణి. ఆ కాలేజీలో మూడు సెమిస్టర్లు చదివినవాణ్ణి, నాలుగో సెమిస్టరుకి వాళ్ళ దగ్గర నాకు నేర్పేందుకు ఏమీ మిగల్లేదు. నా మాటకి హోయ్ట్ జవాబు ఎప్పుడూ ఒకటే. "నువ్వు టైర్లు మార్చుకో నాయనా."

ఎటూ తేలకపోతే అందరూ మూల బల్ల వైపు తిరిగేవారు. "వెర్లీన్, నువ్వు ఆరడుగుల దూరంలో నిలబడి చూస్తావు. చెప్పు, వాడు పనికొస్తాడా రాడా?"

"నేను గీతలు చూస్తాను," అనేది వెర్లీన్. "ఇనెజ్, కాస్త టీ పొయ్యి."

లోరింగ్ టెక్‌తో ఆట వచ్చింది. ఆఖరిదైన నాలుగో భాగం, ఇంకా మూడు నిమిషాలుంది, మూడు పాయింట్లు వెనకపడ్డాం. నాలుగో ప్రయత్నం, కావలసింది ఒక్క గజం. మాబ్రీ ఎవరికీ ఇవ్వకుండా బంతి పొట్టకి హత్తుకుని మనుషుల గుట్టలోకి దూకాడు. గుట్ట విప్పేసరికి అర నిమిషం పట్టింది. గొలుసు లోపలికి వచ్చింది. ముందు కర్రకి, బంతి ముక్కుకి మధ్య మూడు వేళ్ళ సందు మిగిలింది. బంతి వాళ్ళకి పోయింది. ఆట పోయింది.

ఆదివారం చర్చిలో పాస్టరు క్షమ గురించి మాట్లాడాడు. ఎవరి గురించో అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోలేదు.

చర్చి అయ్యాక వెర్లీన్ ఇంటికెళ్ళి టీవీలో ఆట మళ్ళీ పెట్టుకుంది. మైదానంలో ఉన్నప్పుడు ఆవిడకి ఆట కనబడదు, గీతలే కనబడతాయి. కొలిచేచోటు వచ్చింది. మొత్తం స్టేడియం, రెండు కెమెరాలు, ముందు కర్ర వైపే చూస్తున్నాయి. మూడో కెమెరా మాత్రం దూరం నుంచి గొలుసంతా చూపించింది. గొలుసు మధ్యలో వంగి ఉన్న తన చెయ్యి ఆవిడకి కనబడింది. క్లిప్పు ముప్పయ్యో గీత ముందంచున ఉంది.

జరిగిందేమిటంటే, మూడో భాగంలో మా వాళ్ళు నది వైపు ఆడారు. అప్పుడు వెనకంచు అంటే స్కోరు బోర్డు వైపు అంచు. నాలుగో భాగంలో దిక్కు మారుతుంది. క్లిప్పు పెట్టేటప్పుడు ఆవిడ సరిగ్గానే పెట్టింది. పరిగెత్తి వెళ్ళి గీతకి ఆనించేటప్పుడు మాత్రం చెయ్యి పాత అలవాటున స్కోరు బోర్డు వైపుకి పోయింది. గీత వెడల్పు నాలుగంగుళాలు. గొలుసు మొత్తం నాలుగంగుళాలు ముందుకి జరిగింది. మాబ్రీకి తక్కువపడింది రెండంగుళాలు.

అంటే వాడు చేరాడు.

ఇప్పుడు ఈ సంగతి పోటీలు నడిపే కాన్ఫరెన్సు వాళ్ళకి చెబితే స్కోరు మారదు. మారేదల్లా ఒకటే, వెర్లీన్ చేతిలో గొలుసు ఉండదు. చెప్పకపోతే ప్రపంచం అంతమయ్యేదాకా ఎవరికీ తెలియదు. ఆవిడ టీవీ ఆపి, మూడు గజాల టేబుల్ గుడ్డ ఇస్త్రీ చేసుకుంది.

సోమవారం హోయ్ట్ ఒక కాగితం పట్టుకుని హోటల్‌కి వచ్చాడు. ఆఖరి ఆటలో మాబ్రీని పక్కన కూర్చోబెట్టమని కోచ్‌కి అర్జీ. రెండు వందల పన్నెండు సంతకాలు. నాది నూట తొంభయ్యోది. మా టైర్ల కొట్టు యజమాని పెట్టమంటే పెట్టాను.

"చెయ్యి చాపలేదు వాడు," అన్నాడు హోయ్ట్. "దెబ్బ తగులుతుందని బంతిని పొట్టలో దాచుకున్నాడు. మూడు వేళ్ళు! గుండె ఉన్నవాడైతే ఆ మూడు వేళ్ళూ చాపేవాడు. వెర్లీన్, ఇక్కడ సంతకం చెయ్యి."

"వాడు చేరాడు హోయ్ట్," అంది వెర్లీన్. "క్లిప్పు నేను తప్పు అంచున పెట్టాను."

ఇనెజ్ గరిటె పక్కన పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది.

వెర్లీన్ సంచిలోంచి కొలత టేపు తీసి బల్ల మీద పరిచింది. రెండు టూత్‌పిక్కులు గీత అంచులు, కెచప్ సీసా బంతి, ఉప్పు డబ్బా కర్ర. టేపుని ఒక టూత్‌పిక్కు దగ్గర ఆనించి చూపించింది, తర్వాత రెండోదాని దగ్గర ఆనించి చూపించింది. మొదటిసారి ఉప్పు డబ్బా కెచప్‌కి ముందుంది. రెండోసారి వెనకుంది.

హోయ్ట్ ఉప్పు డబ్బాని వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు.

"సరే," అన్నాడు. "నాలుగంగుళాలే కదా. మంచి క్వార్టర్‌బ్యాక్ అయితే ఆ నాలుగూ చూసుకుని అయిదంగుళాలు ఎక్కువ దూకేవాడు."

"సిగ్గుండాలి హోయ్ట్!" అంది ఇనెజ్.

"నేనన్నది తప్పా? గొలుసు సరిగ్గా ఉందా లేదా అన్నది వాడి పని కాదంటావా?"

"కాదు," అంది వెర్లీన్. "నా పని."

అక్కడే ఫోన్ తీసి, రిఫరీలనీ గొలుసు వాళ్ళనీ చూసుకునే కాన్ఫరెన్సు ఆయనకి చేసింది. చెవి సరిగ్గా వినబడదని ఫోన్ ఎప్పుడూ బయటికి వినబడేలా పెట్టుకుంటుంది, అందుకని మేమందరం మర్యాదగా విన్నాం.

"ఎవరైనా ఫిర్యాదు చేశారా మేడమ్?" అన్నాడాయన.

"నేను చేస్తున్నాను."

"ఎవరి మీద?"

"క్లిప్పు మనిషి మీద."

"వాళ్ళ పేరు?"

"వెర్లీన్ స్టక్స్."

"మరి మీ పేరు మేడమ్?"

"అదే."

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినబడింది. తర్వాత ఆయన, మీ నిజాయితీకి చాలా కృతజ్ఞతలు, చొక్కా తెచ్చి ఆఫీసులో ఇచ్చెయ్యండి అన్నాడు.

హోయ్ట్ అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు.

ఆఖరి ఆటకి వెర్లీన్ ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి టికెట్ కొని మా మధ్య కూర్చుంది, ఒక పక్క నేను, ఇంకో పక్క హోయ్ట్. కోచ్ మాబ్రీనే దింపాడు. వాడు రెండుసార్లు బంతి అవతలివాళ్ళకి అప్పగించి, మూడు పాయింట్ల తేడాతో గెలిపించాడు. దాంతో ఎవరి వాదన వాళ్ళకి చెక్కుచెదరకుండా మిగిలింది. జనమంతా లేచి గంతులేస్తుంటే వెర్లీన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు కొట్టొచ్చు వెర్లీన్, చప్పట్లు," అన్నాడు హోయ్ట్. "నిన్నెవరూ ఏమీ అనరు."

"తెలుసు," అంది, కొట్టలేదు. మధ్యలో ఒకసారి కొలవడానికి గొలుసు లోపలికి వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడింది. కొత్త క్లిప్పు మనిషి ఏ అంచున ఆనిస్తాడో చూసి, కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది ఊరంతటికీ తెలుసు. ఆగస్టు రాగానే కాలేజీ అధ్యక్షుడు బ్యాండు మేళంతో బట్టల కొట్టుకి వచ్చాడు. కాటను తానుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, నువ్వు లేకపోతే మా గజం గజంలాగ లేదు తల్లీ, క్లిప్పు పుచ్చుకో అని ప్రాధేయపడ్డాడు. మాబ్రీ నారింజరంగు చొక్కాని మఖమల్ దిండు మీద పెట్టి మోసుకొచ్చాడు. అందరి కళ్ళూ చెమర్చాయి, హోయ్ట్‌వి తప్ప. ఇదంతా రాసి వెర్లీన్‌కి చదివి వినిపించాను. ఆవిడ కత్తెర ఆపకుండానే విని, అంది:

"ఎవరూ రాలేదు. మాబ్రీ వాళ్ళమ్మ వచ్చింది, కర్టెన్లకి నాలుగు గజాలు కొనుక్కుని వెళ్ళింది. నేనెవరో ఆవిడకి తెలియదు. గొలుసు కోసం నేనే ఫోన్ చేసి అడిగాను. క్లిప్పు కుదరదన్నారు, వెనక కర్ర ఖాళీగా ఉందన్నారు. పట్టుకుంటానన్నాను."