పైడిరాజు గారి వేడి పరీక్ష

నిన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి తాను తయారు చేసిన యాప్ చూపిస్తూ ఫోను నా చేతిలో పెట్టింది. బొమ్మలూ రంగులూ చూడముచ్చటగా ఉన్నాయి. కాసేపటికే ఫోను వెనక భాగం వెచ్చబడి అరచేతికి తెలిసింది. అనుకోకుండానే వేళ్లు మడిచి, వాటి వెనక వైపుతో ఆ వేడిని తాకి చూశాను. ఆ అమ్మాయి వింతగా చూసింది. ఆ అలవాటు నాది కాదు, పైడిరాజు గారిది.

ఆయన నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపు పైన రెండు గదుల్లో వెబ్‌సైట్లు, యాప్‌లు తయారు చేసే ఆఫీసు నడిపేవారు. అంతకుముందు చాలా ఏళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో మోటార్లు చూసుకునేవారు. మోటారు లోపల తిరిగే బేరింగ్ బాగుందో లేదో వేళ్ల వెనకతో తాకి చెప్పడం అక్కడే నేర్చుకున్నారు. మాలో ఎవరు ఏ పేజీ తయారు చేసినా, ఆఫీసులో ఉన్న పాత చౌక ఫోనులో తెరిపించి, కాస్త ఆగి, అదే పరీక్ష చేసేవారు. దువ్వాడ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే నాకు కొత్త డిగ్రీ పొగరు. అదంతా చాదస్తమనిపించి ఒకసారి ఆయన ముందే నవ్వేశాను.

"నవ్వుకో తల్లీ, తప్పులేదు," అన్నారు. "పని సెయ్యకుండా మోటారు వేడెక్కిందంటే కరెంటు దండగైనట్టే. ఆ కరెంటు ఎక్కడో బొగ్గు మండిత్తే వచ్చిందే గదా. ఫోనుకైనా అంతే. నువ్వు సేసింది ఎన్ని ఫోనుల్లో తెరుత్తారో ఒకపాలి ఆలోసించు."

నాకు మొదటిసారి సొంతంగా అప్పగించిన పని ఓడరేవు దగ్గరి ఒక లారీ యార్డుది. డ్రైవర్లు గేటు బయట ఎండలో వరసలో ఉంటారు. తమ వంతు ఎప్పుడో ఫోనులో చూసుకోవాలి. పిలవగానే ఫోనులో జవాబు నొక్కకపోతే వంతు పోతుంది. నేను తెర నిండా కదిలే సముద్రం పెట్టాను, దాని మీద ఊగే ఓడ పెట్టాను. యార్డు వాళ్లు మురిసిపోయారు. పైడిరాజు గారు మాత్రం ఫోను తాకి చెయ్యి వెనక్కి తీసుకుని, "కాల్తంది. ఇప్పుడే ఇవ్వద్దు," అన్నారు. మర్నాడు ఆయన పని మీద ఊరెళ్లారు. యార్డు వాళ్లు తొందరపెట్టారు. నేను ఆయనతో ఒక్క మాట చెప్పకుండా ఇచ్చేశాను.

ఆయన తిరిగొచ్చిన రోజు, సంగతి తెలిసినా తిట్టకుండా, నన్ను స్కూటర్ ఎక్కించుకుని యార్డుకు తీసుకెళ్లారు. వరస చివర లారీ నీడలో ఒక డ్రైవరు కూర్చుని ఉన్నాడు. పేరు అప్పన్న, ఆయన ఎరిగినవాడే.

"ఏటి బావ, ఇంకా ఇక్కడే ఉన్నావు?"

అప్పన్న నల్లబడిన ఫోను చూపించాడు. "లారీలో సార్జరు పాడైపోనాది బావ. నిన్న పొద్దున్న ఫోను నిండుగానే ఉంది. ఆ ఓడ ఊగతానే ఉంది, మద్దేనానికి సచ్చిపోనాది. పిలిసినారంట, నాకు తెలీనేదు. మల్లీ వరస సివరికొచ్చినాను. ఇయ్యాల మా యమ్మకి కంటాపరేసను. నాను దగ్గరుండాల."

"ఆ ఓడ మా ఆఫీసుదే బావ. తప్పు నాది," అన్నారు పైడిరాజు గారు. నా వైపు చూడనైనా లేదు. ఆ మాట నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ముందుకొచ్చి, "సార్ వద్దన్నా వినకుండా ఇచ్చింది నేను," అన్నాను.

అప్పన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఓడ బాగానే ఉందమ్మా. ఓడలు మాకు ఇక్కడ రోజూ కనబడతాయి. నంబరు కనబడితే సాలు."

పైడిరాజు గారు యార్డు వాళ్లతో మాట్లాడి అతని లారీని ముందుకు పంపించారు. అయినా అతను వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయిందట. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తిరుగుదారిలో ఆయన అన్నది ఒక్కటే. "ఒప్పుకున్నావు, సగం పని అయింది. మిగతా సగం రేపట్నుంచి సెయ్యి."

సముద్రం తీసేశాను. ఓడ తీసేటప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది. చివరికి నల్లని తెర మీద పెద్ద తెల్లని అంకె మిగిలింది. వరస కదిలితేనే అది మారుతుంది, లేకపోతే ఊరికే ఉంటుంది. వంతు దగ్గర పడితే మామూలు మెసేజీ వెళుతుంది, జవాబుకు గంట గడువు ఉంటుంది. పాత ఫోనులో పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా దాన్ని నడిపించి, పైడిరాజు గారు వేళ్ల వెనకతో తాకారు. నమ్మకం కుదరక మళ్లీ తాకారు. తర్వాత మెట్ల దగ్గరకెళ్లి కింది లేత్ పనివాళ్లను కేకేశారు. "ఒరే, పైకి రండి. మా లలిత పని సూడండి." నలుగురూ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒకరి తర్వాత ఒకరు వేళ్లు మడిచి ఆ ఫోనును తాకారు. "సల్లగా ఉందమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దాయన. నా డిగ్రీ చేతికిచ్చిన రోజున కూడా నాకంత గర్వం కలగలేదు.

పైడిరాజు గారు ఇప్పుడు లేరు. నిన్న ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె కూడా వేళ్లు మడిచి తన ఫోనును తాకి, "కాలుతోంది మేడం," అని ఫోను తీసుకుని వెళ్లిపోయింది. ఆ యార్డులో నా తెల్లని అంకె ఇంకా నడుస్తోంది. దాని తర్వాత ఎన్నో పెద్ద పనులు చేశాను. నువ్వు చేసిన మంచి పని చూపించమని ఎవరైనా అడిగితే అదే తెరిచి ఇస్తాను. ఇచ్చే ముందు వేళ్ల వెనకతో ఒకసారి తాకి చూస్తాను.