ఆఖరి పేజీలోని బొమ్మ

ఈ సంగతి ఇన్నేళ్ళు ఎందుకు రాయలేదని మీరడిగితే, మొన్నమొన్నటిదాకా నాకు అక్షరాలు రావు కాబట్టి అంటాను. అది నిజమే. కానీ ఆ రాకపోవడం వెనకే నేను దాక్కున్నాను, అదీ నిజమే. పొదుపు సంఘంలో సంతకం కోసం మొదలుపెట్టిన చదువు మనవరాలి తెలుగు వాచకం దాకా వచ్చింది. ఇక దాక్కునే చోటు లేదు. ఇన్నాళ్ళూ గుండెల మీద మోసింది ఒక్క కాగితం. తూచితే ఏముంటుంది? మోసేవాళ్ళకే తెలుస్తుంది.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేశాను. ఊడవడం, కుండల్లో నీళ్ళు పోయడం, గంట కొట్టడం నా పని. ఒక ఏడాది ఏడో తరగతికి కొత్త ఇంగ్లీషు టీచరమ్మ వచ్చింది. పరీక్షలకు లేని పుస్తకం ఒకటి తెచ్చి పాఠం చెప్పేది. ఎప్పటిదో పాత నవల, క్రిస్మస్ కథ. పిల్లలందరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క పుస్తకమే. ఇంగ్లీషులో కొంచెం చదివేది, తెలుగులో చెప్పేది, అంతలో టక్కున మూసేసి "ఇప్పుడేం జరుగుద్దో చెప్పండి" అని అడిగేది.

"వాళ్ళ నాన్న బస్సు మిస్సయ్యుంటాడు టీచర్!" అన్నాడొకడు.

"ఆ కాలంలో బస్సులేందిరా తిక్కలోడా!" అంది పక్క వరసలోని షాహీన్.

చీపురు పట్టుకుని వరండాలో నేనూ నవ్వాను. ఆ పీరియడ్ అయ్యాక గంట ఎప్పుడూ ఆలస్యంగానే మోగేది. కథ ఆగితేగా నా చెయ్యి కదిలేది!

కొండల్లో ఒక ఊరు. ఒక తండ్రి తను చెక్కిన కొయ్యబొమ్మలు గుర్రం మీద వేసుకుని అమ్మడానికి వెళ్తాడు. పండగకల్లా వస్తానని కూతురికి చెప్తాడు. మంచు పడి దారి మూసుకుపోతుంది. వస్తాడా, రాడా? మంచు అంటే ఏమిటో నాకు తెలియదు. చలికాలం పొద్దున పొలాల మీద ఉండే పొగ అనుకున్నాను. అది దారినెట్లా మూస్తుందో అర్థం కాలేదు. అయినా విన్నాను.

షాహీన్ రోజూ టీచరమ్మ వెంటపడేది, వాళ్ళ నాన్న వస్తాడా అని. ఆ పిల్ల తండ్రి లారీ మెకానిక్కు. విజయపురి సౌత్‌లో పనుందని వెళ్ళి నెలలు గడిచినా తిరిగి రాలేదు. తల్లి మిరపకాయల తొడాలు తీసే పనికి పోయి పిల్లని చదివిస్తోంది. షాహీన్ ఏ నాన్న గురించి అడుగుతోందో బడిలో అందరికీ తెలుసు.

ఆఖరి అధ్యాయం సెలవుల తర్వాత చదువుతానంది టీచరమ్మ. ఆ సాయంత్రం గది ఊడుస్తూ పుస్తకం తీశాను. చదవలేను గానీ బొమ్మలు చూడగలను కదా. చివరి కాగితం మీద అక్షరాల కింద బొమ్మ ఉంది. ఇంటి ముందు పెద్ద కుప్ప. కుప్పలో గుచ్చిన పార. పక్కన తల వంచుకుని నిలబడ్డ కథలోని పిల్ల.

కుప్ప, పార, వంచిన తల. మా వాళ్ళలో ఎవరికి చూపించినా అది సమాధే అంటారు.

కాగితం చింపి రవికెలో పెట్టుకున్నాను. షాహీన్ ఆ ముగింపు వినకూడదనుకున్నాను. కాగితం లేకపోతే ముగింపూ ఉండదనుకున్నాను. అది టీచరమ్మ తలలో ఉంటుందని ఎందుకు తట్టలేదు? జాలితోనే చింపానా? అందరూ ఎదురుచూసేది నా ఒక్కదాని దగ్గరే ఉందన్న గొప్ప కొంచెం కూడా లేదా? ఉంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సెలవులయ్యాక గొడవైంది. కాగితం తెచ్చి ఇచ్చేదాకా కథ చెప్పనంది టీచరమ్మ. హెడ్మాస్టరు నన్ను పిలిచాడు. షాహీనూ అక్కడే ఉంది.

"సెలవులిచ్చిన రోజు ఆ గదిలోకి ఎవరన్నా పోయారా?"

"షాహీన్ పోయింది సార్. పుస్తకం కాడ నిలబడింది."

అది అబద్ధం కాదు, నేను ఊడవడానికి వెళ్ళేసరికి ఆ పిల్ల అక్కడే ఉంది.

"అట్ట మీద బొమ్మ చూశానంతే! నేను బయటికి పోయేటప్పుడు నువ్వున్నావు గదా ఆయమ్మా, చెప్పవే!"

"నాకేం తెలుసమ్మా. చదువు రానిదాన్ని, పుస్తకాల సంగతి నాకేంది?"

హెడ్మాస్టరు నవ్వి నన్ను పొమ్మన్నాడు. మర్నాడు ఆయన పిలిపిస్తే షాహీన్ తల్లి వచ్చింది. ఎర్రటి కారం చేతులతోనే పిల్ల రెక్క పట్టుకుంది. "దొంగ అనిపించుకోడానికా నిన్ను బడికి పంపింది? పద!" కథ పోయిందన్న కోపంతో పిల్లలెవరూ షాహీన్ వైపు చూడలేదు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. టీచరమ్మ కూడా ఏడాది చివర పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

కాగితం మాత్రం పారెయ్యలేదు. ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచాను. ఫోను కెమెరా పెడితే ఇంగ్లీషు తెలుగులోకి మారుతుందని మొన్న మనవరాలు చూపించింది. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ కాగితం మీద ఫోను పట్టాను. కూడబలుక్కుంటూ నేనే చదివాను. ఇంకొకరి చేత చదివించుకునేది కాదు కదా.

రాత్రి ఇంకో దారిన తండ్రి వచ్చాడు. వాకిలి మంచుతో మూసుకుపోతే పారతో తవ్వి కుప్ప పోశాడు. పార అందులోనే గుచ్చి, లోపలికి పోయి పొయ్యి దగ్గర నిద్రపోయాడు. తెల్లారి పిల్ల బయటికి వచ్చి, తల వంచి, తండ్రి అడుగుల గుర్తులు చూస్తోంది.

చాలాసేపు బొమ్మనే చూశాను. పారా అదే, కుప్పా అదే. నాకు నవ్వు వచ్చింది. మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, నిజంగానే ముందు నవ్వు వచ్చింది. తర్వాత షాహీన్ గుర్తొచ్చింది. ఆ కథ పూర్తిగా విని ఉంటే ఏమయ్యేది? బడి మానకపోతే ఏమయ్యేది? తెలుసుకోవాలని ఉంది, కానీ దానికి ఏ కాగితమూ లేదు.

ఈ రోజు పొద్దున ఆటో ఎక్కి సత్తెనపల్లి రోడ్డులో షాహీన్ పెట్టుకున్న కుట్టు దుకాణానికి వెళ్ళాను. కాగితం మిషను మీద పెట్టి అంతా చెప్పాను. ఆమె మిషను ఆపి చివరిదాకా వింది.

"ఈ మాట మా అమ్మ ఉన్నప్పుడు చెప్పాల్సింది పెద్దమ్మా," అంది. కాగితం వైపు చూడలేదు. దారం పళ్ళతో కొరికి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

కొలతకు ఆది రవిక ఇవ్వడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్న ఒకామె "ఏందమ్మా సంగతి?" అని అడిగింది. షాహీన్ తల ఎత్తలేదు. నేనే మళ్ళీ మొదటినుంచి చెప్పాను, మిషను చప్పుడు మీద వినపడేలా కొంచెం గట్టిగా.