వాగుకిచ్చిన మూటలు

పసిబిడ్డ డైపర్‌ను నిప్పులో వేయకూడదట. వేస్తే బిడ్డ ఒళ్ళు మండుతుందట. మా అత్తమ్మ బోనకల్ నుంచి ఫోన్‌లో ఈ మాట చెప్పినప్పుడు నేను నవ్వలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, నవ్వాల్సింది. కానీ అప్పటికి పాప పుట్టి నలభై రోజులే. నలభై రోజుల బిడ్డ తల్లికి ఏ మాటనూ కొట్టిపారేసే ధైర్యం ఉండదు. పాప రెండుసార్లు తుమ్మితే థర్మామీటర్ వెతికేదాన్ని. చాలాసేపు తుమ్మకపోతే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని.

"మరి ఏం చెయ్యాలె అత్తమ్మా?"

"పారే నీళ్ళల్ల ఇడువు బిడ్డా. నీళ్ళు సల్లగుంటయి, పిల్ల సల్లగుంటది. మేమందరం గట్లనే చేసినం."

వాళ్ళు వదిలినవి పాత పంచె ముక్కలనీ, అవి నాలుగు వానలకు మట్టిలో కలిసిపోతాయనీ నాకు తట్టలేదు. మా ఆయన బొగ్గుగనిలో పని చేస్తారు. మణుగూరు దగ్గర, అడవి అంచున మాది కిరాయి ఇల్లు. ఇంటి వెనక సందు దాటితే వాగు. అది పోయి గోదావరిలో కలుస్తుంది. ఇంతకన్నా పారే నీళ్ళు ఇంకెక్కడ దొరుకుతాయి?

వాడిన డైపర్లను నల్ల కవర్లో పెట్టి, పాత చీర చించిన పేలికతో మూతి బిగించి కట్టేదాన్ని. కట్టే ముందు దిష్టి తగలకుండా గుప్పెడు రాళ్ళ ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు వేసేదాన్ని. ఇది అత్తమ్మ చెప్పింది కాదు, నా సొంత చేర్పు. మా ఆయన డ్యూటీకి వెళ్తూ వంతెన మీద బండి ఆపి ఆ మూటను వాగులోకి జారవిడిచేవారు.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఖమ్మంలో చదువుకునేటప్పుడు సముద్రాల కాలుష్యం మీద వ్యాసం రాసి, స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. తిమింగలాల కడుపులో ప్లాస్టిక్ గురించి రెండు పేజీలు రాశాను. మూటలు కట్టిన ఆ మూడు నెలల్లో ఆ వ్యాసం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. నేను అప్పటికి సముద్రాన్ని చూడనేలేదు. సముద్రం అంటే పుస్తకంలోది, వాగు అంటే ఇంటి వెనకది. రెండూ ఒకే నీళ్ళని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అయినా తెలియనట్టే ఉన్నాను.

ప్రతి ఆదివారం పొద్దున ఒకామె చేపలు తెస్తుంది. మా వాగు గోదావరిలో కలిసే చోట వాళ్ళు వల వేస్తారు. వయసుకు మా అమ్మంత ఉంటుంది గానీ అక్కా అంటేనే ఆమెకు ఇష్టం. ఆ వానాకాలం ఒక ఆదివారం ఆమె వచ్చి, చేపల బేసిన్ దించి, మూత తీయకుండా వసారాలోని ఉయ్యాల వైపు చూస్తూ నిలబడింది. చిలకపచ్చ మీద ఎర్ర గళ్ళున్న పాత చీరతో కట్టిన ఉయ్యాల అది. అందులో పాప ఆడుకుంటోంది. ఆమె కొంగుముడి విప్పి ఒక పేలిక తీసి, ఉయ్యాల గుడ్డకు ఆనించింది. అదే పచ్చ, అవే గళ్ళు.

"ఇది నీదేనా బిడ్డా?"

నేను నోరు తెరవకముందే నా మొహం ఒప్పుకుంది.

"పోయిన నెలంత నా వలల చేపలు తక్కువ, నీ మూటలు ఎక్కువ. మొదటిది చిక్కిన్నాడు మా ఆయన ఏమన్నడు ఎరికేనా? ఎవలో బంగారం దాసిన్రే, మెల్లగ ఇప్పు అన్నడు. ఇప్పినం. ఇగ చూస్కో!"

"అయ్యో అక్కా..."

"ఉప్పేసినవ్, మిరపకాయలేసినవ్. ఇంత చింతపండు గూడ ఏస్తే పులుసైపోతుండె గదనే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి వాటిని ఏం చేసినవ్ అక్కా?" అన్నాను.

"మల్ల నీళ్ళల్ల ఎయ్యబుద్ధి కాలె. ఒడ్డు మీద ఎండబెట్టి, తుక్కుల ఏసి కాల్చినం. నీ మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మలేక సచ్చినం."

కాల్చినం. ఆ తర్వాత ఆమె ఇంకేదో అంటున్నా నాకు వినిపించలేదు. ఉయ్యాల్లోంచి పాపను ఎత్తుకుని, చాప మీద పడుకోబెట్టి, బట్టలన్నీ విప్పేశాను. వీపు చూశాను. తొడలు, మెడ మడతలు, చంకలు చూశాను. ఎక్కడా ఒక్క ఎర్ర చుక్క లేదు. పాప ఇదేదో కొత్త ఆట అనుకుని కాళ్ళు కొట్టుకుంటూ కిలకిల నవ్వి, నా నైటీ మీద పోసింది.

"ఏందే, ఏమైంది?" అంటూ ఆమె కంగారుగా దగ్గరికి వచ్చింది.

చెప్పాను. ఆమె తొడ చరిచి నవ్వింది. "కాల్చి రెండు వారాలైతంది. గప్పుడు రాని మంట ఇయ్యాల వస్తదా? ఆ రెండు వారాలు నీ పిల్ల ఏం చేసింది?"

ఆలోచించాను. "బోర్ల పడ్డది. బొబ్బట్లు చేసి పంచినం."

"నాకు పెట్టకనే?" అంది.

ఆమె చాప అంచున కూర్చుని సంచిలోంచి ఫోన్ తీసింది. ఆమె చిన్నకూతుర్ని గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక పల్లెకు ఇచ్చారు. ఆ పిల్ల పంపిన వీడియో చూపించింది. ఇసుక మీద పదిమంది ఆడవాళ్ళు, చేతుల్లో బస్తాలు. వంగి సీసాలు, చెప్పులు, చిరిగిన వల ముక్కలు ఏరుతున్నారు. ఒకామె కర్రతో ఉబ్బిన డైపర్‌ను ఎత్తి, కెమెరాకు చూపించి, ముక్కు మూసుకుంది.

"తాబేళ్ళు గుడ్లు పెట్టనీకి ఒడ్డెక్కుతయంట. గీ చెత్త అడ్డముంటే ఎనక్కి మర్లిపోతయంట. అందుకే ముందే ఏరుతున్నరు. ఈడ నువ్విడిచింది నా వలకు చిక్కకపోతే, ఆడ నా బిడ్డ బస్తాల పడతది."

ఆమె మామూలుగానే అంది. నేను మాత్రం ఆ వీడియోలో చిలకపచ్చ పేలిక కోసం వెతికాను.

ఆమె అక్కడే కూతురికి వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతికిచ్చింది. ఆ అమ్మాయి ఒళ్ళోనూ చంటిపిల్ల ఉంది. "మీరు కాలుస్తారా?" అని అడిగాను. నాకు కావలసింది అదొక్కటే.

"అమ్మో, మా అత్తగారు ఊరుకోదండీ! మొదట్లో సముద్రంలోకి ఇసిరేసేవోళ్ళం. తెల్లారి లేచేసరికి గుమ్మం ముందుండేయి. సముద్రం ఏదీ దాచుకోదండీ, మనది మనకే తెచ్చి పడేత్తది. ఇప్పుడు పగలంతా గుడ్డలే. రాత్రికి మటుకు ఒక్క డైపర్. అది పంచాయతీ వోళ్ళకి విడిగా ఇచ్చేత్తాం."

"అత్తగారింటికి పోయిన రెండేండ్లకే ఆడి యాస ఎట్ల మాట్లాడుతుందో చూసినవా?" అంది తల్లి, మురిసిపోతూ.

ఆ మధ్యాహ్నం అత్తమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"ఎవలు కాల్చిన్రు?"

"చేపలామె."

"పరాయోళ్ళు కాలిస్తే అంటదు తియ్యి," అంది. మూడో రోజుకు తన మెత్తటి నూలు చీరలన్నీ మూటగట్టుకుని బస్సు దిగింది. వాటిని పొత్తిగుడ్డలుగా చించుతూ, "గీ డైపర్లు ఎవలు కనిపెట్టిన్రో గని సీసకు బిరడా పెట్టినట్టు పిల్లలకు పెట్టిన్రు," అని తిట్టింది.

కానీ ముసురు పట్టింది. గుడ్డలు ఆరవు. ఉతికినవి దండెం మీద రెండు రోజులు ఉన్నా చెమ్మ పోదు. అత్తమ్మ సంత నుంచి వెదురు గంప తెప్పించి, కుంపటి మీద బోర్లించి, దాని మీద గుడ్డలు పరిచి కూర్చుంది.

"అత్తమ్మా, పిల్ల గుడ్డలు అగ్గి మీద..."

"అగ్గిల ఎయ్యొద్దన్న గని, కాపొద్దన్ననా? పో, పిల్లకు పాలియ్యి."

ఇక మిగిలింది రాత్రి వాడే ఒక్క డైపర్. మర్నాడు పంచాయతీ ట్రాక్టర్ వచ్చింది. కాగితంలో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టిన పొట్లం పట్టుకుని నిలబడ్డాను. చెత్త తీసుకునే ఆమెను, "దీన్ని ఏం చేస్తరు?" అని అడిగాను.

"పట్నంల మిషన్ ఉంటది. దాంట్ల ఏసి కాలుస్తరు."

పొట్లం నా చేతుల్లోనే ఉండిపోయింది. వెనక్కి చూశాను. అత్తమ్మ పాపను చంకనేసుకుని గడపలో నిలబడి ఉంది. కాలుస్తరన్న మాట ఆమె చెవిన కూడా పడింది. వద్దంటుందేమోనని చూశాను. ఆమె పాపను ఇంకో చంకకు మార్చుకుంది.

"జల్దీ ఇయ్యమ్మా, ఇంకా నాలుగు వీధులున్నయి," అంది ట్రాక్టర్ ఆమె. ఇచ్చేశాను.

ఆ సాయంత్రం పాపకు ఇద్దరం కలిసి స్నానం చేయించాం. నేను తొడలు చూశాను. అత్తమ్మ వీపు మీద నీళ్ళు పోసి, చేత్తో తుడిచి, వెలుతురుకు తిప్పి చూసింది. నేను చూడలేదనుకుని మళ్ళీ చూసింది. పాప మా ఇద్దరి మొహాల మీద నీళ్ళు చిమ్మింది.

తువ్వాలులో చుడుతూ అత్తమ్మ అంది: "రేపటి పొట్లం నేనిస్త. నువ్వు నిలబడి ఆ ట్రాక్టర్ పిల్లను లేటు చేస్తున్నవ్."