నీళ్లు కూడా ముట్టలేదని చెప్పాను

మా బాపుకు హెర్నియా ఆపరేషన్, నిజామాబాద్‌లో, పదింటికి. పొద్దున ఏమీ తినొద్దు, తాగొద్దు అని ముందు రోజే గట్టిగా చెప్పి పంపారు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు, వినడమే రాదు.

బోధన్ దగ్గర మా ఊళ్లో చెరుకు తోటకు పోయే మనిషి అంబలి తాగకుండా గడప దాటడు. బాపు డెబ్బై ఏళ్లలో ఒక్కనాడూ దాటలేదు. ఆ పొద్దున కూడా అలవాటుగా అరుగు మీద కూర్చుని, "ఆకలైతుంది బిడ్డా, కాళ్లు వణుకుతున్నయ్" అన్నాడు. డాక్టర్లు అన్నీ అట్లాగే చెప్తారు, బస్సు నిజామాబాద్ చేరేలోపు అరిగిపోతుందిలే అనుకున్నాను. అంబలిలో మజ్జిగ కలిపి చెంబెడు ఇచ్చాను. సగంలో ఆపితే బతిమాలి మొత్తం తాగించింది కూడా నేనే.

"పొద్దుగాల ఏమన్న తిన్నడా, తాగిండా?" అని నర్సు అడిగింది. బాపు నా మొహం చూశాడు. నిజం చెబితే వాయిదా వేస్తారు, వచ్చే వారం మా తోటలో చెరుకు కొట్టేవాళ్లు దిగుతారు. "నీళ్లు సుత ముట్టలే" అన్నాను.

గంట కాకముందే డాక్టరు బయటికొచ్చాడు. మత్తు ఇస్తుండగా బాపు కక్కుకున్నాడట. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిందట. "అది ఆమ్లం అమ్మా, లోపలంతా కాలినట్టే. నిజంగ ఏం తాగలేదా?" మాతో వచ్చిన మా అన్న పక్కనే ఉన్నాడు. మళ్లీ లేదన్నాను. ఈసారి నోరు తడబడలేదు కూడా. నా మీద నాకు అసహ్యం అక్కడే మొదలైంది.

తొమ్మిది రోజులు బాపు మిషన్ మీద ఊపిరి తీశాడు. గొట్టం తీశాక డాక్టరు మళ్లీ అడిగితే, బొంగురు గొంతుతో, "నేనే తాగిన సారు, దొంగతనంగ. పిల్లకు తెల్వది" అన్నాడు. "సిగ్గు లేదా బాపు, పసిపిల్లల లెక్క!" అని మా అన్న అందరి ముందూ తిట్టాడు. నేను దుప్పటి సర్దుతూ నిలబడ్డాను.

ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడిపోతాడు. అన్న చూడవచ్చినప్పుడల్లా అదే తిట్టు. మొన్న తట్టుకోలేక, "ఇయ్యాల అన్నకు చెప్త బాపు" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటకూ ఆగి అన్నాడు: "వద్దు బిడ్డా. తెలిస్తె నన్ను వాని ఇంటికి తీస్కపోతడు. నీ చేతి బువ్వ లేకుంటె నాకు ముద్ద దిగది."

అన్న వచ్చాడు, తిట్టి వెళ్లాడు. నేను చెప్పలేదు. బాపు కోసమే ఆగానని చెప్పుకోవడానికి నాకు మొహం లేదు.