నక్కపిల్లకు గొంతిచ్చిన చిసే

రాజధానిలో ఓగికుబో స్టేషను వెనుక వీధుల్లో ఇవాషిత చిసే పేరు తెలిసినవారు తక్కువ; ఆమె గొంతు తెలియని పిల్లలు మాత్రం లేరు. ఆదివారం ఉదయం టీవీలో వచ్చే బొమ్మల కథలో కోఫుకి అనే నక్కపిల్లకు మాట ఆమెది. అరవైకి చేరువైన ఆ స్త్రీ మైకు ముందు మోకాళ్ళు కాస్త వంచి నిలబడి, ఏడేళ్ళ పిల్లవాడిలా అలుగుతుంది, బొంకుతుంది, తుమ్ముతుంది. నేను భాష బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, ఏ పలుకు దగ్గర స్వరం లేవాలో, ఎక్కడ దిగాలో సరిచూసుకోవడానికి వారం వారం సంభాషణల కాగితాలతో మా ఇంటికి వచ్చేది. వచ్చినప్పుడల్లా నా భార్య బియ్యపు బిస్కట్లు పెట్టి, ఒక్కసారి నక్కపిల్లలా తుమ్మమనేది.

ఇక్కడ కొంచెం దారి తప్పుతాను. బొమ్మల కథలు పిల్లల కాలక్షేపమని పెదవి విరిచేవారు మా ఉపాధ్యాయుల గదిలో చాలామంది ఉండేవారు. మా వాచకంలోనేమో క్షమాపణ కోరే పాఠం ఒకటుండేది. అందులో మూడు వంతులు ‘ఎందుకనగా’లే. వ్యాకరణదోషం వెదకినా దొరకదు. ఆ పాఠం చదివి ఎవరైనా ఎవరినైనా క్షమించమని అడిగారని మాత్రం నేను వినలేదు. సరే, చిసే దగ్గరికి వద్దాం.

ఆమెది ఉత్తరాన, మంచు ఇళ్ళ చూరులదాకా పేరుకునే త్సుగరు ప్రాంతం. తల్లి పోయాక పెంచినవాడు అన్న తోకుజి. నటి కావడానికి రాజధానికి వచ్చిన చిసే, ఉత్తరాది యాసను బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారవేసుకుంది. తోకుజి ఏరుకోలేదు. చలికాలం పొలం పనులుండవు కాబట్టి, చిన్న ట్రక్కులో వేడి గులకరాళ్ళ మీద చిలగడదుంపలు కాల్చి అమ్మడానికి ఏటా రాజధానికి వస్తాడు.

ఒక ఏడు చలికాలంలో, మధ్యాహ్నం పూట, చిసే స్టూడియో మెట్ల మీద తోటి నటులతో, దర్శకుడు మినెగిషితో మాట్లాడుతుండగా ట్రక్కు వచ్చి ఆగింది. మసి చేతులతో, మెడలో తువ్వాలుతో తోకుజి దిగాడు.

“ఓలమ్మీ, చిసే! ఏటలాగ నిలబడిపోనావు? రాయే, దుంప తిందువుగాని!”

ఆ యాసకు నటులు పకపక నవ్వారు.

“ఎవరండీ, చిసే గారూ?” అన్నాడు మినెగిషి.

“అభిమాని. మన కోఫుకి అంటే ఇష్టమట, పాపం,” అంది చిసే.

తోకుజి చేతిలోని దుంపల పొట్లం ఆమెకు అందించి, అభిమానులు వంగినట్టే నడుము వంచి, “ఆదివారం తప్పకుండా సూస్తానండి,” అని ట్రక్కెక్కాడు. మరునాటి నుంచి అతని కేక ఆ వీధిలో వినబడలేదు.

శీతకాలం ముగియవచ్చేసరికి కొత్త కథ చేతికొచ్చింది. అందులో కోఫుకి, నేస్తాల ముందు, తనను పెంచిన తాబేలవ్వను ఎవరో తెలియదంటాడు. తరువాత ఆమె దగ్గరికి వెళ్ళి, నేస్తాలు నవ్వుతున్నారనీ, అవ్వ డిప్పకు బురద ఉందనీ వరుసగా చెబుతాడు. అవ్వ అంతా విని, “కారణాలన్నీ వచ్చాయి నాయనా. నువ్వెప్పుడొస్తావు?” అంటుంది. అప్పుడు నక్కపిల్ల ఒకే మాట అనాలి: “తప్పయిపోయింది.”

ఆ మాట చిసేకు పట్టుబడలేదు. మళ్ళీ మళ్ళీ చెప్పించి, చివరకు మినెగిషి చెవుల మీది యంత్రం తీసి, “చాలా బాగా అంటున్నారండీ. అదే చిక్కు. తప్పు చేసినవాడు ఇంత బాగా అనడు. రేపు చూద్దాం,” అన్నాడట.

చిసే తిన్నగా మా ఇంటికి వచ్చి, ఆ ఘట్టమంతా చదివి వినిపించింది.

“మాస్టారూ, ఈ మాటలో స్వరం ఎక్కడ దిగాలి?”

“నువ్వు దించుతున్నచోటే. దోషం లేదమ్మా.”

ఆమె కాగితాన్ని మడిచి, విప్పి, మెట్ల మీద జరిగినదంతా చెప్పింది. “అందరూ ఒక్కసారిగా నవ్వారండీ. ఏం చెబుతున్నానో నాకే తెలియలేదు. పైగా ఆ యాస మళ్ళీ నోటికంటితే నా పని…”

వంటింట్లోంచి నా భార్య గొంతు వినిపించింది. “కారణాలన్నీ వచ్చాయి. నువ్వెప్పుడొస్తావు?”

చిసే ముఖం చెవులదాకా ఎర్రబడింది. కోటు గుండీలు పెట్టుకోకుండానే లేచింది. నేను వెంట వెళ్ళాను.

వీధి వీధీ వెదికాక, రైలు పట్టాలకు అవతల, చిన్నపిల్లల బడి గేటు దగ్గర తోకుజి కేక వినబడింది. తల్లులూ పిల్లలూ వరుసలో ఉన్నారు. చిసే చివర నిలబడింది. ఆమె వంతు వచ్చినప్పుడు తోకుజి తల ఎత్తకుండానే, “ఎన్నండి?” అన్నాడు.

ఆమె వంగింది. వంగిన నడుము లేవలేదు.

“తప్పయిపోనాదన్నియ్యా.”

ఏరి పారేసిన రాళ్ళన్నీ ఆ ఒక్క మాటలో తిరిగి వచ్చాయి. గొంతు మాత్రం సగం నక్కపిల్లదే.

“అమ్మా, కోఫుకి!” అని అరిచింది ఒక పాప. తరువాత అనుమానంగా, “దుంపల తాతా, ఈవిడ నీకు తెలుసా?” అంది.

తోకుజి గులకరాళ్ళను పారతో కలియబెట్టాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపే కలియబెట్టాడు.

“నాకేటి తెల్సమ్మా? దుంపలంటే ఇష్టమట, పాపం.”

చిసే అప్పుడూ తల ఎత్తలేదు. వచ్చిన దారినే వెళ్ళనూ లేదు. బండి పక్కకు జరిగి, పాత వార్తాపత్రిక ముక్క తీసుకుని, పాప దుంపను చుట్టసాగింది. వేళ్ళు కాలుతుంటే, చుట్టిన కాగితం వదులైపోతోంది.

తోకుజి క్రీగంట చూశాడు.

“గట్టిగా చుట్టవే,” అన్నాడు. “జారిపోద్ది.”