ఓనరమ్మ తుడిచిన మీట

నా మనవరాలు ఆరేళ్ళప్పుడు పియానో మీద ఒక్క మీట నొక్కింది. ఒక్కటే, ఒక్క వేలితో. మా ఇంటి ఓనరమ్మ కేకలేయలేదు. లోపలికి పోయి పసుపు గుడ్డ తెచ్చి ఆ మీట తుడిచింది. దాని పక్కనున్న రెండూ కూడా తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వుతూనే, "పూల చేతులు కదమ్మా, తడి తగిలితే పియానో పాడైపోతాది" అంది.

తొంభైల చివర్లో మాట. మడివాళ మార్కెట్టు వెనక సందులో ఆమె ఇల్లు. పైన ఆమె, కింద గదిలో అద్దెకు మేము. నేను పూలు కట్టి అమ్మేదాన్ని. కూతురూ అల్లుడూ పొద్దున్నే సెంట్రింగ్ పనికి పోతే పాప నా కొంగు పట్టుకొని తిరిగేది. ప్రతి శుక్రవారం ఓనరమ్మకు రెండు మూరలు కనకాంబరం పైకి తీసుకుపోయి ఇచ్చేదాన్ని. నా మూర మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా, వేళ్ళు బాగా చాచి కొలిచిన మూర. తక్కువ కొలిచానని మార్కెట్లో ఎవరూ అన్నది లేదు.

బిడ్డను ఒక దెబ్బ కొట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. తుడవడం మర్చిపోలేకపోయాను. ఆ రోజు మెట్లు దిగుతూనే తీర్మానించుకున్నాను. ఆమే కిందికి దిగి వచ్చి, ఆ పియానో ముందర కూర్చోమని ఈ పిల్లను అడగాలి. అడిగిన రోజు ఏం చేయాలో కూడా అప్పుడే అనుకున్నాను.

ఓనరమ్మ కూతురికి పియానో నేర్పే సారు ఎవరో విచారించాను. ఆయన దగ్గరికి పోలేదు. ఆయనకు నేర్పిన గురువు ఎవరో అడిగి, అక్కడికి పోయాను. ముసలాయన. చర్చిలో చానా ఏళ్ళు వాయించి, భార్య పోయాక శిష్యులను మానుకొని ఒంటరిగా ఉంటున్నాడు. మూడుసార్లు వాకిట్లో నుంచే పంపేశాడు. నాలుగోసారి గేటు పట్టుకొని నిలబడితే, ఇంత పట్టు ఎందుకని అడిగాడు.

"ఒకామెను వాయించాల సార్."

"వాయించేది పియానోనా, ఆమెనా?"

"రెండూ."

ఆయన నవ్వీ నవ్వీ గేటు తీశాడు. ఫీజు మాట ఎత్తితే గోడ మీది భార్య పటం చూపించి, రోజూ దానికొక మూర మల్లెపూలు చాలన్నాడు. ఇంట్లో మాకు పియానో లేదు కాబట్టి, బడికి పోయే ముందు గంటసేపు పాప ఆయన పియానో మీదనే కూర్చోవచ్చన్నాడు.

ఆయన తెలుగులో సగం కన్నడమే. మొదటిరోజు "చెయ్యి బిడు, చెయ్యి బిడు" అని అంటుంటే, పాప చెయ్యి నేను పట్టుకొని ఉన్నాను కదా, నన్నే అంటున్నాడనుకొని వదిలేసి వాకిట్లోకి పోయి నిలబడ్డాను. పాఠమంతా నాకు ఎండలోనే అయిపోయింది. చేతిని బిగపట్టకుండా దాని బరువును దిగనివ్వమని పాపకు చెప్పే మాట అదని తర్వాత తెలిసింది.

నెల రోజులు ఒక్క పాట లేదు. పాప మణికట్టు కింద వేలు పెట్టి పైకెత్తడం, వేలు తీసేయడం. చెయ్యి దబ్బున ఒళ్ళో పడితే సరి, గాల్లో నిలబడిందా మళ్ళీ మొదలు. మీటను కొట్టవద్దు, దాని అడుగు దాకా దిగు అనేవాడు. ఉంగరం వేలు బలం లేనిది, దానికి భుజం సాయం పోకూడదు, అది తన పని తానే నేర్చుకోవాలి అనేవాడు. అవతల మా నెత్తిమీద ఓనరమ్మ కూతురు పాట మీద పాట దంచేస్తోంది. నేను ఆగలేకపోయాను. పాట ఎప్పుడు సార్ అని గట్టిగానే అడిగాను.

ఆయన నా మణికట్టు కింద వేలు పెట్టి ఎత్తి, వేలు తీసేశాడు. నా చెయ్యి కొయ్యలాగా గాల్లోనే నిలబడింది.

"చూడమ్మా, ఎంత కోపం ఉండాదో. కోపం ఉంటే ఉండనీ, వద్దనను. మణికట్టులో మాత్రం పెట్టుకోవద్దు. అక్కడ దానికి జాగా లేదు."

ఆ మాట నాకు పూల మీదుగా అర్థమైంది. కనకాంబరం మెత్తటిది. ఎడమచేత్తో కాడలు పట్టి, కుడిచేత్తో దారం మెలేసి లాగుతాం. లాగేది వేలే, భుజం కాదు. కోపంగా ఉన్నరోజు దారం కాడను కోసేస్తుంది. ఇంటికొచ్చి చెక్క మీద సుద్దముక్కతో మీటలు గీసి, పాప అరచేతి కింద ఒక కనకాంబరం పెట్టాను. వేళ్ళు వంచి, ఐదూ ఒకదాని తర్వాత ఒకటి దించాలి, పువ్వు నలగకూడదు. నలిగితే మళ్ళీ మొదటినుంచి. నలగని పువ్వును తీసి మాలలో కట్టేసేదాన్ని, పారేయడానికి అది ఊరికే వచ్చింది కాదు. పిల్ల ఏడ్చిన రోజులున్నాయి. నేను ఆపలేదు. మాష్టారుకు ఈ సంగతి తెలిసి, పాఠానికి వచ్చేటప్పుడు రెండు పువ్వులు తనకూ తెమ్మన్నాడు.

ఎనిమిదేళ్ళు అట్లా గడిచాయి. ఓనరమ్మ కూతురు పియానో మానేసి కంప్యూటర్ చదువులో పడింది. మా సందు నిండా పీజీ హాస్టళ్ళు లేచాయి. మాష్టారు మెట్లెక్కలేని స్థితికి వచ్చాడు కానీ, పాప చేతికి వంక పెట్టడం మానలేదు. ఒకరోజు నేను గడపలో పూలు కడుతుంటే ఓనరమ్మ కిందికి దిగి వచ్చింది. తన భర్త షష్టిపూర్తి ఉందట, బంధువులంతా వస్తారట, పియానో ఊరికే పడి ఉందట.

"మీ పాప బాగా వాయిస్తాదంట కదా. స్వల్ప వాయించమను."

"వస్తాదమ్మా" అన్నాను. చేతిలో కాడ తెగలేదు.

పాత నూలు చీర చింపి, ఉతికి, గంజి పెట్టి, మడతలు పోకుండా ఇస్త్రీ చేయించాను. ఆ రోజు హాలు నిండా జనం. పాప కూర్చోబోతుంటే ఆగమని చెప్పి, చీర ముక్క తీసి ఈ కొస నుంచి ఆ కొస దాకా మీటలన్నీ తుడిచాను. తెల్లవీ, నల్లవీ. తుడుస్తుంటే అవి టుంగుటుంగుమని ఏడ్చాయి. మాటలన్నీ ఆగిపోయాయి. ఓనరమ్మ ముఖంలోకి చూస్తూ, "దుమ్ము కదమ్మా, పాప చేతులు పాడైపోతాయి" అన్నాను.

ఎనిమిదేళ్ళు దాచుకున్న మాట.

ఆమె నా చెయ్యి పట్టుకొని, "అయ్యో, తుడిపించడం మర్చేపోయినానమ్మా, మంచి పని చేస్తివి" అంది. వెక్కిరింత కాదు. ఆమెకు గుర్తు లేదు. కొంచెం కూడా లేదు.

పాపకు మాత్రం గుర్తుంది. దాని చెవులు ఎర్రబడ్డాయి, భుజాలు పైకి లేచాయి. మొదటి స్వరాలు కట్టెలు విరిచినట్టు వచ్చాయి. అరచేతి కింద పువ్వుంటే నుజ్జయిపోయేది. నేను విసిరిన దెబ్బ ఓనరమ్మను దాటి నా పిల్లకు తగిలింది. ఏం చేయాలో తోచక, గోడ పక్కన కూర్చొని నా చెయ్యి పైకెత్తి ఒళ్ళోకి దబ్బున వదిలాను. పాప చూసింది. వాయించడం ఆపేసి, జనం చూస్తుండగానే తన చేతులూ ఒళ్ళోకి వదిలింది. ఒకసారి, రెండోసారి. తర్వాత మొదటినుంచి మొదలుపెట్టింది. మాష్టారు ఏడాదిపాటు అరగదీసి నేర్పిన నెమ్మదైన పాట అది. ఒక్క మీటనూ కొట్టలేదు, అన్నిటి అడుగు దాకా దిగింది.

మెట్లు దిగేటప్పుడు నా చేతిలోని గుడ్డ లాక్కుంది.

"ఆమెకు గుర్తే లేదవ్వా. నువ్వు నన్ను భయపెట్టినావు."

"నాకు గుర్తుండాది కదే" అన్నాను. పిల్లకు క్షమాపణ చెప్పే అలవాటు నాకు లేదు. ఆ రాత్రి దానికి ముద్ద మీద నెయ్యి రెండు స్పూన్లు వేశాను.

ఓనరమ్మ ఇప్పటికీ శుక్రవారం పూలు నా దగ్గరే తీసుకుంటుంది. అందరికీ వేళ్ళు చాచి మూర కొలుస్తాను. ఆమెకు కొలిచేటప్పుడు మాత్రం మణికట్టు వదులుగా ఉంచి, అరచేతి కింద పువ్వు పట్టేటట్టు, వేళ్ళు వంచి కొలుస్తాను.