కప్పుకు పడ్డ చిల్లు

పత్తర్‌గట్టి వెనక సందులో ఉన్న మా పాత కాంప్లెక్సుకు "షాపింగ్ మాల్" అని బోర్డు కట్టిన మహానుభావుడు ఎవడో గానీ, వాడి ధైర్యానికి దండం పెట్టాలి. మా మామగారు అందులో దుకాణం తీసుకున్న రోజుల్లో మూసీకి ఇవతల కదిలే మెట్లున్నది అక్కడేనట. నేను కోడలిగా వచ్చేసరికి ఆ మెట్లు కదలడం మానుకున్నాయి. జనం వాటి మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లు. లిఫ్టు కూడా ఉండేది. వాచ్‌మన్ అందులో తన లుంగీలు ఆరేసుకునేవాడు. బాత్రూము గురించి రాస్తే ఈ కాగితం కంపు కొడుతుంది, వదిలేయండి.

మామగారు పోయాక దుకాణం నా చేతికొచ్చింది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్, ఆయనకు గ్రీజు రంగు తప్ప మరో రంగు తెలియదు. మాది మ్యాచింగ్ సెంటర్. ఆడవాళ్లు చీర పట్టుకుని వస్తారు, దానికి సరిగ్గా కలిసే జాకెట్ గుడ్డ, లంగా, ఫాల్ మేం తీసిస్తాం. చెప్పడానికి ఇంతే. కానీ వంకాయ రంగు అంటే ఒక్కటనుకున్నారా? లేత వంకాయ, ముదురు వంకాయ, గుత్తి వంకాయ, ఉడికిన వంకాయ. ఉల్లిపొర రంగు అడిగిన మనిషికి గులాబీ తీసిస్తే పెళ్లిలో పప్పు మానేసి దాని గురించే మాట్లాడుకుంటారు. ధర ఎక్కువ చెబితే తిట్టుకుంటూనైనా మళ్లీ వస్తారు. రంగు తప్పితే మాత్రం వాడకట్టంతా చాటింపు వేసి మరీ మానేస్తారు. నా దగ్గర రంగు తప్పదని పేరు. జహనుమా నుంచి ఆటోలు మారి వచ్చేవాళ్లు ఆ పేరు చూసే వచ్చేవాళ్లు. అది పోతే నా దుకాణంలో మిగిలేది నాలుగు చెక్క అరలు, నేనూ.

సరిగ్గా నా దుకాణం ముందు, నడవా మీద, కప్పుకు పెద్ద చిల్లు ఉండేది. ఎప్పుడో గాలివానకు రేకు లేచిపోయింది. ఓనరు మళ్లీ వేయలేదు. వానాకాలం దాని కింద బకెట్లు పెట్టేవాళ్లం, ఎండాకాలం నెత్తి మాడేది. ఆ చిల్లును తిట్టకుండా నేను ఏనాడూ బోణీ చేయలేదు. చీర, గుడ్డ రెండూ పట్టుకుని ఆ చిల్లు కిందికి నడిచి, "గిట్ల వెలుగులకు రా అమ్మా, ట్యూబ్‌లైటును నమ్మకు" అని చూపించడం మా అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. అన్నం కలిపే చేతికి ఎలా కలపాలో ఎవరూ చెప్పరు కదా, ఇదీ అంతే. ఆ అలవాటుకూ ఆ చిల్లుకూ సంబంధం ఉందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఎదురు దుకాణం లేసులు, బొత్తాలు అమ్మే భాయ్‌ది. నా దగ్గర గుడ్డ కొన్న మనిషి వెనక్కి తిరిగితే ఆయన దుకాణమే. అంచేత ఆయన బేరం సగం నా పుణ్యం, నా తలనొప్పి సగం ఆయన పుణ్యం. బకెట్లు ఎవరు ఎత్తిపోయాలన్నదాని మీద ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం. రంజాన్‌కు ఆయన ఇంటి నుంచి షీర్ ఖుర్మా వచ్చేది, పండక్కి మా ఇంటి సకినాలు వెళ్లేవి. గిన్నెలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కూడా లొల్లి ఆగేది కాదు.

ఇంతలో బహదూర్‌పురా వైపు కొత్త మాల్ లేచింది. ముందు చెప్పుల దుకాణం వాళ్లు వెళ్లారు, తర్వాత స్టీలు సామాన్ల వాళ్లు, ఆ వెనక బొమ్మల వాళ్లు. వెళ్లినవాళ్లు ఊరుకుంటారా? ఏసీ ఉందట, మెట్లు నిజంగానే కదులుతాయట, బాత్రూములో సబ్బు ఉంటుందట. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, నన్ను పడగొట్టింది కూర కాదు, ఆ సబ్బు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా దుకాణంలో కూర్చున్న ఆడమనిషికి దాని విలువ తెలుస్తుంది.

"భాయ్, నువ్వు గూడ రా. ఈడ ఏమున్నది, చిల్లు తప్ప" అన్నాను.

"మై నహీ ఆతా బహెన్" అన్నాడు, లేసు చుట్ట చుడుతూనే. "గాడ ఏసీల నిలవడి గుండీలు ఎవరు కొంటరు? నువ్వు పో. నాకు బకెట్ల ఫికర్ తప్పుతది."

"బకెట్లెన్నడు ఎత్తినవ్ నువ్వు?"

"ఎత్తుతున్ననని జూసే ఓపిక నీకెన్నడున్నది?"

నాకు ఒళ్లు మండింది. బతిమాలతాడనుకున్నాను కాబోలు. నా బకెట్ కూడా అక్కడే పారేసి, తాళంచెవి ఓనరు మనిషి చేతిలో పెట్టి వచ్చేశాను.

కొత్త దుకాణం తెరిచిన రోజు మా ఆయన వచ్చి, నున్నటి నేల చూసి, చెప్పులు బయట విడిచాడు. సెక్యూరిటీ అతను వాటిని వేలితో పట్టుకుని తెచ్చి, "సార్, గిది గుడి కాదు" అన్నాడు. మాల్ మేనేజరు టై సర్దుకుంటూ, "లైటింగ్ చూసిండ్రా మేడం, బయటి దేశాల లెక్క ఉంటది" అన్నాడు. నిజమే, ఆ లైట్ల కింద నా గుడ్డలు నాకే కొత్తగా కనిపించాయి. అప్పుడే అనుమానపడాల్సింది. మురిసిపోయాను.

కొన్ని రోజులకు ఒకావిడ కనకాంబరం గుడ్డ తిరిగి తెచ్చింది. చీరతో కలవలేదంది. నా దుకాణంలో పెట్టి చూస్తే కలిసింది. ఆవిడదే చాదస్తం అనుకుని మార్చి ఇచ్చాను. తర్వాత నెమలికంఠం తిరిగొచ్చింది, రాణి రంగు వచ్చింది. వచ్చినవన్నీ నా బల్ల మీద చక్కగా కలిసేవి, ఇంటికెళ్లి చెడేవి. నాకు భయం పట్టుకుంది. ముసలితనం ముందు కళ్లకే వస్తుందని మా అత్తగారు అనేది. ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన అట్టలు చూపించి, రంగులు చదివించి, "మీ కళ్లకేం ఢోకా లేదమ్మా" అన్నాడు. కళ్లు బాగుండి కూడా రంగు తప్పుతోందంటే ఇంకేం పోయినట్టు? 

అప్పుడు వచ్చింది మేడం. ఆవిడది కోస్తా వైపు, ఏదో గవర్నమెంటు ఆఫీసులో పెద్ద ఉద్యోగం, పాత కాంప్లెక్సు నుంచీ నా ఖాతాదారు. రంగు చూడ్డం కూడా నాకే వదిలేసి, తను ఫోన్ మాట్లాడుకుంటూ నిలబడే మనిషి. రిటైర్మెంటు ఫంక్షన్‌కు వంకాయ రంగు పట్టుచీర మీదికి అంతకుముందే ఈ కొత్త దుకాణంలో నా దగ్గరే జాకెట్ గుడ్డ తీసుకుంది. ఫోన్ నా ముక్కు కింద పెట్టింది.

"చూడమ్మా. నీ చేతిలో చీర పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఏం చేశావో చూడు."

ఫోటోలో మిట్టమధ్యాహ్నం ఎండ, పచ్చిక, దండ, శాలువా. శాలువా కింద వంకాయ రంగు చీర, దాని మీద చాక్లెట్ రంగు జాకెట్.

"ముప్పావు జీవితం ఆ ఆఫీసులో పనిచేశాను. నన్ను సాగనంపే రోజున మా తోటికోడలు దండ వేస్తూ, 'జాకెట్ ఎవరిదగ్గరైనా అరువు తెచ్చుకున్నావా' అని చెవిలో అడిగింది."

ఆవిడ తెచ్చిన చీర బల్ల మీద పరిచి, అదే గుడ్డ తాను దించి పక్కన పెట్టాను. ఒకే కొమ్మకు కాసినట్టు కలిశాయి.

"కలిసింది గద మేడం."

"ఇక్కడ కలిసింది. నేను ఇక్కడే కాపురం ఉండనుగా" అంది ఆవిడ.

చీర, తాను రెండూ చంకలో పెట్టుకున్నాను. "గిట్ల వెలుగులకు రా మేడం" అంటూ దుకాణం బయటికి వచ్చి తల పైకెత్తాను. పైన తెల్లటి సీలింగు, దాని నిండా లైట్లు. చిల్లు లేదు.

"ఏ వెలుగులోకి?" అంది మేడం.

కదిలే మెట్ల మీద పరుగెత్తి, బయటి తలుపు దగ్గరికి పోయాను. సెక్యూరిటీ అతను అడ్డం నిలబడ్డాడు.

"మేడం, బిల్లు?"

"నా దుకాణం నాయనా. నా గుడ్డ."

"బిల్లు లేకుండ సామాను బయటికి పోవద్దు మేడం. నా నౌకరి పోతది."

పాపం, అతని తప్పేముంది? "సరే, తాను నీ చేతులనే పట్టుకో. కొస నాకియ్యి" అన్నాను. అతను తానుతో లోపల నిలబడ్డాడు, నేను కొస పట్టుకుని లాగుతూ మేడంతో సహా ఎండలోకి వెళ్లాను. తలుపు మా మధ్య తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. సామాను బయటికి పోయినట్టా, పోనట్టా అని అతను తానుకేసి చూస్తూ ఆలోచనలో పడ్డాడు. ఎండలో చీర వంకాయలా నిగనిగలాడింది. గుడ్డ ముదురు బెల్లం రంగు తిరిగింది. మేడం నా భుజం మీద చేయి వేసింది. తిట్టినా బాగుండేది.

మేనేజరు పరుగున వచ్చాడు. "లైట్లు మార్పిస్తం మేడం. మా దగ్గర వేరే రకాలు గూడ ఉన్నయి."

"గందుల సూర్యుడున్నడా?" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పాత కాంప్లెక్సుకు బయల్దేరాను. నా దుకాణం నాకు మళ్లీ ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియలేదు. తీరా సందు మొదట్లో పాన్‌డబ్బా అతను మరో మాట చెవిన వేశాడు. దుకాణాలు ఖాళీ అవుతున్నాయని ఓనరు కప్పు బాగు చేయించాడట. మేం ఉన్నన్నాళ్లు ఒక్క రేకు వేయని మనిషికి ఇప్పుడే పుట్టాలా బుద్ధి? లోపలికి పోతే నిజంగానే పైనంతా కొత్త రేకులు. నడవా చీకటిగా ఉంది. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అనుకుంటూ నడిచాను.

నా దుకాణం ముందు మాత్రం నేల మీద వెలుగు పడి ఉంది. పాత చోటే, అంతే మేర. తలెత్తి చూస్తే, రేకుల మధ్య ఒకే ఒక్క అద్దం రేకు. నా షట్టరుకు ఇంకా ఓనరు తాళమే వేలాడుతోంది. భాయ్ తన దుకాణంలో లేసు కొలుస్తున్నాడు.

"గిదేంది భాయ్?"

"కనవడ్తలేదా? అద్దం రేకు. ఓనరు మనిషితోని లొల్లి పెట్టుకున్న. ఈడ కప్పు ముయ్యనియ్య అన్న. వానొస్తే ఎట్ల అన్నడు. గట్లయితే అద్దందెయ్యి అన్న."

"నేనొస్తనని నీకెవరు చెప్పిండ్రు?"

"నీ గుడ్డనే చెప్పింది. ఒకమ్మ లేసు కోసం తెచ్చింది, కొత్త మాల్‌ల కొన్నదట. ఈ చిల్లు కింద చీర పక్కకు పట్టి చూసిన. తౌబా. గా రోజే అనుకున్న, ఈ బహెన్ గాడ ఎక్కువ రోజులుండదని."

కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను.

"ఏడ్వకు. నీ కోసం ఎయ్యలే. నువ్వు పోయిన కాడికెల్లి నా గుండీలు అమ్ముడుపోతలెవ్వు."

ముక్కు తుడుచుకుని మళ్లీ పైకి చూశాను. అద్దం రేకు మీద అప్పుడే పావురాల రెట్ట పడి ఉంది.

"గది ఎవరు కడుగుతరు?" అన్నాను.

భాయ్ బల్ల కిందికి వంగి, నేను పారేసి వెళ్లిన బకెట్ తీసి నా ముందు పెట్టాడు.